నేను నడవని గ్యాలరీ

పొద్దున నాలుగున్నరకు మంచం దిగే ముందు నేను నా ఎడమ మడమతో బేరమాడేవాణ్ణి. ఈ ఒక్కరోజు ఊరుకో, ఆదివారం నిన్ను కదిలించను అని. అది ఏనాడూ ఒప్పుకోలేదు. పాదం నేలకు ఆనగానే మడమ కింద ఎవరో మేకు పెట్టి సుత్తితో ఒక్కటి వేసినట్టుండేది. మంచం కోడు, గోడ, తలుపు, ఒక్కోటి పట్టుకుంటూ వంటగది దాకా పోయేసరికి నా నోట్లోంచి నాలుగు బూతులు రాలిపడేవి. మాది ప్రార్థన చేసుకోకుండా అన్నం ముట్టని ఇల్లు. మా నాన్న బతికున్నప్పుడు ఇంట్లో ‘ఛీ’ అన్నా ఊరుకునేవాడు కాదు. నా భార్య పొయ్యి దగ్గర నిలబడి, వెనక్కి తిరగకుండానే, నేలను తిడితే ఏమొస్తది, అది కంపెనీ నేల, నీ మాట వినదు అనేది. క్వార్టర్ కంపెనీది కాబట్టి ఆమె లెక్కలో నిజమే.

గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయిలో నేను మైనింగ్ సర్దార్‌ని. పేరు వింటే ఏదో పెద్ద హోదా అనిపిస్తుంది గానీ సర్దార్ పని నడవడం. తనకు అప్పగించిన భాగంలోని సొరంగాలన్నీ మనుషులు దిగకముందే ఒకసారి, షిఫ్టు నడుమ మళ్లీ ఒకసారి నడిచి చూడాలి. వాటిని మేము గ్యాలరీలంటాం. చేతికర్రతో పైకప్పును తట్టుకుంటూ పోవాలి. గట్టి రాయి కంగుమంటుంది. లోపల విడిపోయిన రాయి పగిలిన కుండలాగ డొల్లగా పలుకుతుంది. గాలి ఆడుతోందా, గ్యాసు ఉందా, కప్పుకు ఆసరాగా నిలిపిన దుంగలు సరిగ్గా ఉన్నాయా, అన్నీ చూసి ఒక్కో గ్యాలరీ నంబరు ఎదురుగా పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టాలి. ఆ సంతకం మీద నమ్మకంతోనే మిగతావాళ్లు లోపలికి పోతారు.

మా నాన్న జీవితమంతా తట్టతో బొగ్గు నింపినవాడు. నేను డ్యూటీ చేసుకుంటూనే చదివి, రెండుసార్లు తప్పి, మూడోసారి సర్దార్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. ఆ కాగితాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టుకొని పోయి వీధిలో అందరికీ చూపించి వచ్చాడు.

సర్దార్‌నైన రెండేళ్లకే మడమ మొదలైంది. అప్పటికి నాకు నలభై దాటలేదు. మొదట రాయి గుచ్చుకుందేమో అనుకున్నాను. తర్వాత వేడి చేసిందేమో అనుకున్నాను. నెల తిరిగినా పోకపోయేసరికి మా వీధి వీధంతా డాక్టర్లయ్యారు. ఒకరు నువ్వులనూనె రాయమన్నారు. ఒకరు ఉప్పునీళ్లలో కాలు పెట్టమన్నారు. ఎదురింటి అవ్వ ఇటుకను పొయ్యిలో ఎర్రగా కాల్పించి, దాని మీద జిల్లేడాకులు పరిచి, మడమ ఆనించమంది. ఆనించాను. ఆకు మాడి, తోలు మాడి, వారం రోజులు నొప్పి మీద మంట అదనంగా వచ్చింది. అవ్వ మాత్రం మంట వచ్చిందంటే మందు పట్టినట్టే అని తృప్తిగా పోయింది. చర్చిలో ఒక ఆదివారం పాస్టరుగారు రోగుల కోసం ప్రార్థన చేస్తూ నా ఎడమ మడమను ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఎడమ అని కూడా చెప్పారు. ఆడవాళ్ల వైపు నుంచి మెల్లగా నవ్వులు వినిపించాయి. నేను తల ఎత్తలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, నా సొంత తెలివి ఒక ఎత్తు. కంపెనీ మాకు ఏటా ఒక జత బూట్లు ఇస్తుంది. వేళ్ల మీద ఇనుప తొడుగు ఉన్న గట్టి బూట్లు. మా బొగ్గుబాయిల దిక్కు అవి తొడుక్కునేవాళ్లకంటే పంచిపెట్టేవాళ్లే ఎక్కువ. కొత్త జత రాగానే అది ఊర్లో బామ్మర్దికో, తోడల్లుడికో పోతుంది. పత్తి చేన్లో పాములకు, ముళ్లకు వాటిని మించినవి లేవు. మనం పాత జతనే కుట్టించుకొని, అతికించుకొని లాగిస్తాం. నేను నాలుగేళ్లుగా కొత్త జతలన్నీ మా బామ్మర్దికి ఇచ్చి, మడమ అరిగి ఒక పక్కకు ఒరిగిపోయిన పాత బూట్లతో బాయి దిగుతున్నాను. ఆ అరుగుడు సరిచేద్దామని, బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు ముక్క ఒకటి పాదం ఆకారంలో కోసి లోపల వేసుకున్నాను. మా దగ్గర ఆ బెల్టు ముక్క కాని వస్తువు లేదు. గుమ్మం ముందు పట్టా అదే, బర్రెల కొట్టంలో పరుపు అదే, చెప్పు అడుగు అదే. అది రాయికంటే మెత్తగా ఉండదని నాకు ఎందుకు తట్టలేదో ఈనాటికీ తెలియదు. పైగా ఎంత బాగా కోశానో తోటివాళ్లకు విప్పి చూపించేవాణ్ణి.

నొప్పి చెప్పుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు అన్‌ఫిట్ మాట ఎత్తేవారు. మెడికల్ బోర్డు ముందుకు పోయి ఒంట్లో బాగాలేదని తేల్చుకుంటే ఉద్యోగం కొడుక్కి వస్తుంది. మా దగ్గర సగం ఇళ్లలో అదే ముచ్చట. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. మూడుసార్లు పరీక్ష రాసి తెచ్చుకున్న పని ఒక మడమకు ఇచ్చిపోతానా అని కసురుకునేవాణ్ణి. ఇంకొందరు కాళ్లు పోయినవాళ్లను చూపించి, వాళ్లకంటే నయం గదా అని ఓదార్చేవారు. అదీ నాకు నచ్చేది కాదు. వేరేవాళ్ల కాలు పోతే నా మడమ నొప్పి తగ్గుతుందా? తగ్గదు. పైగా వాళ్ల బాధను నా బాధకు మందులాగ వాడుకున్నట్టు సిగ్గనిపించేది. నేను పళ్లు బిగించి నడిచాను. పళ్లు బిగించి నడవడమే ధైర్యమని అప్పుడు నా నమ్మకం. ఎవరికీ చెప్పకుండా, ఎక్కడా చూపించకుండా, మందు అడగకుండా నడవడం. ఆ ధైర్యమే నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో ఇప్పుడు చెబుతాను.

నా షిఫ్టులో ఒక టింబర్‌మన్ ఉండేవాడు. పైకప్పు కింద దుంగలు నిలబెట్టే పని. అంటే ఆసరా ఇంకా లేని కప్పు కిందికి అందరికంటే ముందు పోయే మనిషి. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. మంథని వైపు పల్లె నుంచి, వ్యవసాయం నుంచి వచ్చి బాయిలో చేరాడు. మా నాన్న దగ్గర పని నేర్చుకున్నాడు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. హోదాలో నేను పైన, ఆయన కింద. కానీ నేను ఆయన్ను చిన్నాన్న వరసలో కాకా అనేవాణ్ణి, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. కప్పు తట్టినప్పుడు చెవి ఎటు పెట్టాలో, కర్ర ఎంత వదులుగా పట్టుకోవాలో పుస్తకంలో లేని సంగతులన్నీ ఆయన చెప్పినవే.

ఆయనకొక అలవాటు. ఏ గ్యాలరీలోకి పోయే ముందైనా నా ముఖంలోకి చూసి ఒకే ప్రశ్న అడిగేవాడు. బాగుందా అని అడిగేవాడు కాదు. “కాలు పెట్టినవా?” అనేవాడు. పెట్టిన అంటే ఇంక మాట లేదు, దుంగ భుజానికెత్తుకొని పోయేవాడు. ఆయన కొత్తగా పనిలో చేరిన రోజుల్లో వేరే బాయిలో ఒక సర్దార్ దూరం నుంచి లైటు వేసి చూసి, బాగుందని రాశాడట. ఆ మాట నమ్మి లోపలికి పోయిన ఆయన జతగాడు బయటికి రాలేదు. ఆ సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. మా నాన్న చెప్పాడు.

ఆ రోజు మొదటి షిఫ్టు. వానాకాలం. రాత్రంతా మడమ సలిపింది. బాయి దిగే ఏటవాలు దారిలోనే నాకు చుక్కలు కనిపించాయి. నా భాగంలో ఏడు గ్యాలరీలు. ఆరు నడిచాను. ఎట్లా నడిచానంటే, ఎడమ పాదం మునివేళ్ల మీద, బరువంతా కుడి కాలి మీద వేసి, కప్పు తట్టిన ప్రతిసారీ కర్రను మళ్లీ ఊతానికి దించుకుంటూ. ఏడోది అన్నిటికంటే దూరం. ఎత్తుకు ఎక్కాలి. నాలుగైదు రోజులుగా అందులో పని లేదు. నిన్న చూసినప్పుడు రాయిలాగ ఉంది. ఇవాళ కూడా అందులో ఎవరికీ పని ఉండదనుకున్నాను.

ఏడో గ్యాలరీలోకి తిరిగే మూల మీద నిలబడి లోపలికి లైటు వేశాను. టోపీ మీది లైటు ఎంత దూరం పోతుంది? పోయినంత దూరం కప్పు బాగానే కనిపించింది. వెనక్కి తిరిగి, పుస్తకం తెరిచి, ఏడో నంబరు ఎదురుగా ‘తట్టి చూశాను, బాగుంది’ అని రాసి సంతకం పెట్టాను. ఎంత తేలికగా రాశానో గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకు కోపం వస్తుంది.

షిఫ్టు మనుషులు దిగారు. పైనుంచి కబురు వచ్చింది, ఏడో గ్యాలరీలో పట్టాలు వేయాలి, ముందు దుంగలు నిలపాలి అని. కాక, ఆయన జతగాడు తయారయ్యారు. కాక గొడ్డలి నడుముకు చెక్కుకొని నా ముందు నిలబడ్డాడు.

“కాలు పెట్టినవా?”

“పెట్టిన కాకా.”

ఆయన పోయాడు. నేను బెంచీ మీద కూలబడి బూటు విప్పాను. మడమను రెండు చేతులతో పట్టుకొని పిసికాను. పిసుకుతుంటే మా నాన్న చెప్పిన ఆ జతగాడి ముచ్చట గుర్తొచ్చింది. మొదట మెల్లగా, తర్వాత పిడుగులాగ. నేనేమన్నాను ఇప్పుడు? ఎవరితో అన్నాను? బూటు తొడుక్కోవడానికి కూడా ఆగలేదు. ఒక కాలికి బూటు, ఒక కాలికి ఒట్టి మేజోడు, అట్లాగే పరుగెత్తాను. మడమ నొచ్చిందా అంటే నొచ్చింది. ప్రాణం పోయేంత నొచ్చింది. కానీ గంట కింద నన్ను ఆపిన ఆ నొప్పే ఇప్పుడు ఆపలేకపోయింది. నొప్పి అంతే ఉంది. తేడా నాలో ఉంది. ఈ మాట నాకు తట్టడానికి ఆ ఎత్తు దారిలో పరుగు కావాల్సి వచ్చింది.

కాక గ్యాలరీ లోపల లేడు. మూల మీదనే, నేను లైటు వేసిన చోటే నిలబడి ఉన్నాడు. జతగాణ్ణి చెయ్యి అడ్డం పెట్టి వెనకే ఆపాడు. దుంగ కింద పెట్టి ఉంది. ఆయన టోపీ లైటు కప్పు మీద లేదు, నేల మీద ఉంది.

బొగ్గు ధూళి అంటుకొని మండకుండా మేము గ్యాలరీల్లో నేలమీద, గోడలమీద తెల్లటి రాతిపొడి చల్లుతాం. రాత్రి షిఫ్టు చివర్లోనే ఏడో గ్యాలరీలో లోపలి నుంచి వెనక్కి వస్తూ కొత్తగా చల్లారు. ముగ్గుపిండి ఆరబోసినట్టు తెల్లగా, చదునుగా ఉంది. దాని మీద ఒక్క అడుగు లేదు.

“నీ అడుగులు లేవు బిడ్డా,” అన్నాడు కాక.

రొప్పుతున్నాను. మేజోడు తడిసి నల్లగా అయింది. ఆయన నా కాలు చూశాడు, ముఖం చూశాడు. కోపం చేసుకుంటే బాగుండేది. ఒక దెబ్బ వేసినా పడేవాణ్ణి. ఆయన నా చేతిలో కర్ర తీసుకొని తానే లోపలికి నడిచాడు. నాలుగడుగులకొకసారి తడుతూ చివరిదాకా పోయాడు. కంగు, కంగు, కంగు. అంత మంచి చప్పుడు నా జన్మలో వినలేదు. తిరిగొచ్చి కర్ర నా చేతికిచ్చాడు.

“రూఫ్ మంచిగనే ఉన్నది. నువ్వే మంచిగ లేవు.”

అంతే అన్నాడు. పైకి చెప్పుకో అని గానీ, చెప్పకు అని గానీ అనలేదు. జతగాణ్ణి పిలిచి దుంగ ఎత్తుకున్నాడు. ఏమీ జరగలేదు కదా, ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా, కప్పు గట్టిదే కదా అని నా మనసు కాసేపు నన్ను బుజ్జగించింది. కానీ కప్పు గట్టిగా ఉండటంలో నా గొప్ప ఏముంది? నేను రాసినప్పుడు అది గట్టిదో డొల్లదో నాకు తెలియదు. తెలియకుండానే రాశాను. నొప్పి నాది, కానీ దాన్ని తీసుకుపోయి ఆ పెద్దాయన నెత్తిమీద పెట్టాను. పళ్లు బిగించి, ఎవరికీ చెప్పకుండా మోస్తున్నానని గర్వపడ్డ నొప్పిని నేను అసలు మోయనే లేదు. ఆయనతో మోయించబోయాను.

షిఫ్టు అయిపోయాక పుస్తకం తీసుకొని మా పైఅధికారి అండర్ మేనేజర్ దగ్గరికి పోయాను. ఏడో నంబరు ఎదురుగా రాసింది కొట్టేసి, నడవలేదు అని రాసి చూపించాను. అది చేస్తే సర్టిఫికెట్ పోవచ్చని తెలుసు. మా నాన్న జేబులో పెట్టుకొని తిరిగిన కాగితం అది. అండర్ మేనేజర్ పుస్తకం చూసి తిట్టాడు, గట్టిగానే తిట్టాడు. మెమో ఇచ్చాడు. నెలరోజులు లోపలికి దిగొద్దు, ఉపరితలం మీద పని చెయ్యి, ముందు దవాఖానకు పో, కాలు బాగయ్యిందని కాగితం తెస్తేనే మళ్లీ దించుతాను అన్నాడు. సర్టిఫికెట్ మిగిలింది. నువ్వే వచ్చి చెప్పినవు కాబట్టి అన్నాడు చివర్లో, నా ముఖం చూడకుండా.

ఇంటికి పోయి నా భార్యకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. చేట ముందు పెట్టుకొని బియ్యం ఏరింది. తర్వాత, రేపు దవాఖానకు నేనూ వస్తా, నువ్వొక్కనివి పోతే నొప్పి తక్కువ చేసి చెప్తవు అంది.

దవాఖానలో ఒక డాక్టరమ్మ ఉండేది. కాలు చూడటానికి ముందే బూట్లు చూపించమంది. లోపల చెయ్యి పెట్టి నా బెల్టు ముక్క బయటికి తీసింది. బల్ల మీద కొట్టింది. టప్పుమంది. ఇది నువ్వే కోశావా అని అడిగింది. అవునన్నాను, ఇంకా కొంచెం గర్వంగానే. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. నా భార్య నవ్వింది. చివరికి నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆమె నెమ్మదిగా చెప్పింది. మడమ నుంచి వేళ్ల దాకా పాదం కింద ఒక గట్టి నరంలాంటి పట్టీ ఉంటుందట. అది రోజూ కొంచెం కొంచెం దెబ్బతిని వాచిందట. వారంలో పోదు, నెలలు పడుతుంది, పూర్తిగా పోకపోనూ వచ్చు. కొత్త బూట్లు వేసుకో, మెత్తటి అడుగు వేసుకో, రోజూ పిక్కలు సాగదీయి, నొప్పి ఎక్కువైన రోజు ఎక్కువైందని నోరు తెరిచి చెప్పు అంది. చివరి మాట మందుచీటీలో రాయలేదు గానీ నాకు అదే అసలు మందు అనిపించింది.

కొత్త బూట్లు మా బామ్మర్ది దగ్గరున్నాయి. ఇచ్చిన బూట్లు ఎట్లా తిరిగి అడుగుతాం, అత్తగారింట్లో పరువేం కావాలి అని నేను నసిగాను. నా భార్య నన్ను చూసి, నీ పరువు మడమల ఉన్నదా, మా తమ్ముని పత్తిచేన్ల ఉన్నదా అని అడిగి తానే బస్సెక్కి పోయింది. సాయంత్రానికి బూట్లతో వచ్చింది, మట్టి కొట్టుకొని ఉన్నా ఇంకా గట్టివే. బామ్మర్ది వాటితో పాటు రెండు కిలోల చిక్కుడుకాయలు కూడా పంపాడు. నేను అనవసరంగా సిగ్గుపడ్డాను.

ఆ నెల నేను బడికి పోయే పిల్లవాడిలాగ ఉన్నాను. పొద్దున మంచం దిగకముందే తువ్వాల పాదానికి తగిలించి వేళ్లను నా వైపు లాక్కునేవాణ్ణి, వంద లెక్కపెట్టేదాకా. ఆ తర్వాతే కాలు కింద పెట్టేవాణ్ణి. గుమ్మం మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు కిందికి దించేవాణ్ణి. నీళ్లసీసా ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, టీవీ ముందు కూర్చొని దాన్ని పాదం కింద దొర్లించేవాణ్ణి. ఎదురింటి అవ్వ చూసి, ఇటుక కాలిస్తే పోయేదానికి మంచుగడ్డ ఎందుకని విసుక్కుంది. మొదటి రెండు వారాలు ఏ తేడా లేదు. సీసా విసిరికొట్టాలనిపించింది. మూడో వారంలో ఒక పొద్దున వంటగదికి పోయి చాయ్ గ్లాసు అందుకున్నాక గుర్తొచ్చింది, ఇవాళ గోడ పట్టుకోలేదని. తర్వాతి పొద్దున మళ్లీ పట్టుకున్నాను. అట్లా ముందుకు వెనక్కు పోతూ తగ్గింది. పోలేదు, తగ్గింది. నడవగలిగినంత తగ్గింది.

మళ్లీ బాయి దిగాను. పొద్దున లేచే వేళ అరగంట ముందుకు జరుపుకున్నాను, నెమ్మదిగా నడవడానికి. ఏడు గ్యాలరీలు ఏడూ చివరి గోడ ముట్టుకొని వచ్చేవాణ్ణి. నొప్పి మరీ ఎక్కువైన రెండు మూడు రోజులు నా వల్ల కాదు అని పైన చెప్పి వేరే సర్దార్‌ను తెచ్చుకున్నాను. ఆ మాట అనడానికి ఏడు గ్యాలరీలు నడవడానికంటే ఎక్కువ దమ్ము కావాలి.

కాక మాత్రం మారాడు. పలకరించేవాడు, సద్ది డబ్బాలో కూర పెట్టేవాడు, బిడ్డా అనే పిలిచేవాడు. కానీ కాలు పెట్టినవా అని అడగడం మానేశాడు. నా ముఖం చూడటం మానేశాడు. ప్రతి గ్యాలరీ మూల మీద ఆగి, తల వంచి, లైటు నేల మీద వేసేవాడు. నా బూటు అచ్చుల కోసం. అవి లోపలి చివరిదాకా పోయాయో లేదో చూసుకొని అప్పుడు దుంగ ఎత్తుకునేవాడు. పక్కనే నేను నిలబడి ఉన్నా సరే. అది శిక్ష అని ఆయన అనుకోలేదు. తన ప్రాణం తాను చూసుకుంటున్నాడు. ఆయన తప్పేం లేదు. అయినా ఆ లైటు కిందికి వంగిన ప్రతిసారీ నా లోపల ఏదో తెగేది. రోజుకు నాలుగైదుసార్లు, ఏడాది పైన. అలుగుదామా అంటే ఏ ముఖంతో అలగను? క్షమించమని ఒకసారి అడిగాను. దానికేముంది బిడ్డా, పని చూసుకో అన్నాడు. మర్నాడు మళ్లీ తల వంచి చూశాడు. క్షమించడం వేరు, నమ్మడం వేరని నాకు తెలిసొచ్చింది. మొదటిది ఆయన ఇచ్చేశాడు. రెండోది అడిగితే వచ్చేది కాదు. నడిస్తే వస్తుందో రాదో, నడవడం ఒక్కటే నా చేతిలో ఉంది. నడిచాను.

అంతలో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. గోదావరిఖనిలో బాయిలన్నీ బంద్ అయ్యాయి. పంపులు నడిపే కొద్దిమంది తప్ప అందరం నెలకు పైగా రోడ్డు మీద టెంట్లలోనే ఉన్నాం. వంటలు అక్కడే, పాటలు అక్కడే. కాక, నేను ఒకే టెంటులో కూర్చున్నాం. నడక తప్పింది కాబట్టి ఈ దెబ్బకు మడమ పూర్తిగా బాగవుతుందని లోలోపల ఆశపడ్డాను. కాలేదు. పొద్దున మొదటి అడుగుకు అదే మేకు, కొంచెం చిన్న సుత్తి. అప్పుడు నాకు ఖాయంగా అర్థమైంది, ఇది నాతో ఉండబోతోందని. ఏడుపు రాలేదు. సరే, ఉండనీ అనుకున్నాను. ఇంట్లో ఉన్న పెడసరం చుట్టాన్ని ఏం చేస్తాం? అన్నం పెడతాం గానీ ఇంటి తాళాలు ఇవ్వం.

సమ్మె ముగిసింది. రాష్ట్రం రాలేదు. తలలు వంచుకొని డ్యూటీలకు ఎక్కాం. నెల దాటి మనుషులు తిరగని బాయి అంటే కప్పుకు ఏమైందో ఎవరికీ తెలియదు. నీరు పట్టి ఉంటుంది, దుంగలు కుంగి ఉంటాయి. ఆ పొద్దున నేను అందరికంటే ముందు దిగాను. ఒక్కో గ్యాలరీ ఒక్కో అడుగూ తట్టాను. రెండో గ్యాలరీలో ఒకచోట డొల్లగా పలికింది. సుద్దతో గుర్తు పెట్టి, దారికి అడ్డం కర్ర కట్టాను. ఏడోది చివరిదాకా పోయి గోడ ముట్టుకున్నాను. తిరిగొచ్చేసరికి మడమ నిప్పుల మీద పెట్టినట్టుంది. బూటు విప్పలేదు. విప్పితే మళ్లీ తొడుక్కోలేనని తెలుసు.

మనుషులు దిగారు. ఆ రోజు ఒక్కొక్కరూ లోపలికి పోవడానికి వెనకాడుతున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. రెండోదాంట్లోకి ఎవరూ పోవద్దని, మిగతా ఆరూ నడిచి చూశానని చెప్పాను. ఎవరూ కదల్లేదు. కాక వెనకనుంచి ముందుకొచ్చాడు. ఏడో గ్యాలరీలో వంగిన దుంగలు మార్చాలి. మూల మీదికి పోయాడు. నేను పక్కకు తప్పుకొని నిలబడ్డాను, ఆయన ఆగి నేల చూసుకోవడానికి వీలుగా. ఏడాదిగా అదే నా అలవాటు.

ఆయన ఆగలేదు. తల వంచలేదు. టోపీ మీది లైటు ఎదురుగా, మనిషి ఎత్తున, చీకట్లోకి నేరుగా పెట్టుకొని, దుంగ భుజం మీద వేసుకొని, తన ఇంట్లోకి తాను పోయినట్టు లోపలికి నడుచుకుంటూ పోయాడు. ఆయన వెనక జతగాడు, వాళ్ల వెనక మిగతావాళ్లు. నా అడుగుల మీద అడుగులు వేసుకుంటూ.

నాకు ఏడుపొచ్చింది. అంతమంది ముందు, సర్దార్‌ని అయ్యుండి, బొగ్గు చేతులతోనే ముఖం తుడుచుకున్నాను. మడమ సలుపుతూనే ఉంది. షిఫ్టు నడుమ రెండో తడవ నడిచే వేళ ఇంకా రాలేదు గానీ, కర్ర తీసుకొని మొదటి గ్యాలరీ నుంచి మొదలుపెట్టాను.